హైటెక్ సిటీలో ఊరిపాట

యాత్రావృత్తాంతమనగా కాశీ, రామేశ్వరము, తిరుపతి మొదలగు క్షేత్రములను గూర్చియో, హంపి, అజంతా వంటి శిల్పస్థానములను గూర్చియో వ్రాయుట వాడుక. మేమిపుడు వ్రాయబూనినది అట్టి చోటును గూర్చి కాదు. హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు పిలువబడు ప్రదేశమొకటి కలదు. చుట్టములలో నొక్కరైన నచ్చట ఉద్యోగము చేయని ఇల్లు ఈనాడరుదు. ఆ బిడ్డలను జీతమెంత, అద్దె యెంత, తిండి కుదిరినదా, సంబంధములు చూడవచ్చునా యని మనము ఫోనులో నడుగుచునే యుందుము. వారచ్చట నేమి పాడుకొనుచున్నారను సంగతి మాత్రము మన ప్రశ్నలలో నుండదు. ఆ సంగతినే ఈ వ్యాసమున విన్నవించుకొందుము.

మా ప్రయాణమునకొక కారణము కలదు. మా వారి అక్కగారి కుమారుడు ఆరేండ్లుగా నచ్చట సాఫ్ట్‌వేరు ఉద్యోగి. చిన్ననాట మా యింటనే యుండి మా వారి బడిలో చదువుకొన్నవాడు. మా యొద్ద సుమతీశతకమును, గజేంద్రమోక్షమును వల్లించినవాడు. ఆతడు నలుగురు స్నేహితులతో గూడి గిటారు వాయించుచుండునని యెఱుగుదుము. పోయిన శ్రావణమాసమున తల్లికి ఫోను చేసి, ఉద్యోగము మాని పాటనే వృత్తిగా బెట్టుకొందుననెనట. ఆనాటినుండి మా వదినగారికి కంటికి కునుకు లేదు. మెడలోని గొలుసు కుదువబెట్టి కొడుకును చదివించిన తల్లి యామె. మా యింటికి వచ్చి, "నాలుగు పద్యాలు చదువుకున్నదానివి. నీ మాటైతే వాడు వింటాడు. వెళ్ళి నచ్చచెప్పి రా అమ్మా" యని మా చేయి పట్టుకొనిరి. దసరా సెలవులీయగానే మా వారును మేమును బయలుదేరితిమి.

సికింద్రాబాదులో రైలు దిగి మెట్రో రైలెక్కితిమి. ఈ మెట్రో 2017వ సంవత్సరమున నగరములో మొదలై, 2019 నాటికి పడమటనున్న రాయదుర్గము వరకు సాగినది. స్తంభములమీద వీధులకెత్తుగా బోవుటచే మేడలమీద నారవేసిన చీరలును, నీటితొట్లును, తులసికుండీలును మన కంటియెదుటనే సాగిపోవును. బండిలో నించుమించుగా నందఱును ముప్పదియేండ్లలోపు వారే. మెడలలో గుర్తింపు బిళ్ళలు, చెవులలో చిక్కుడుగింజలంత యంత్రములు. ఎవరి పాట వారు వినుచున్నారు; ప్రక్కవారికి ఒక్క స్వరమైన వినబడదు. ఇన్ని పాటలు మ్రోగుచున్న బండిలో నంత నిశ్శబ్దమును మేమెన్నడు నెఱుగము. "మా బడిలో ఇంత నిశ్శబ్దం ఎప్పుడైనా చూశామా?" యని మా వారు మెల్లగా ననిరి. పెద్దమ్మగుడి యను స్టేషను వచ్చినపుడు మాత్రము, మా ప్రక్క నిలిచిన యమ్మాయి యొకతె క్షణకాలము కన్నులు మూసి చేతితో గుండెను తాకుకొని, మరల తన పాటలో మునిగిపోయెను.

ఇప్పుడు గాజుమేడలున్న యీ ప్రదేశమంతయు మొన్నమొన్నటి వరకు పల్లెలే. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, రాయదుర్గము, ఇవన్నియు నాటి ఊళ్ళ పేళ్ళు. వాని నడుమ నల్లరాతి గుట్టలు, సీతాఫలపు పొదలు. ఆ రాళ్ళ వయస్సు ఇన్నూటయేబది కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. గుట్టల నడుమనున్న దుర్గము చెఱువు కుతుబ్‌షాహీ సుల్తానుల కాలమున గోలకొండ కోటకు నీరిచ్చిన చెఱువు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారు సైబర్ టవర్స్ అను పదియంతస్తుల మేడను ప్రారంభించిరి. నారా చంద్రబాబు నాయుడు గారు నాడు ముఖ్యమంత్రి. గుండ్రముగా గట్టిన యా మేడ హైటెక్ సిటీకి గుర్తుగా నిలిచినది. దాని వెనుక వందలకొలది మేడలు లేచినవి. హైదరాబాదులో నీ వృత్తి చేయువారు తొమ్మిది లక్షలకు పైబడిరని 2023లో రాష్ట్రప్రభుత్వము ప్రకటించెను. వీరిలో నెందఱు పల్లెల నుండి వచ్చినవారో లెక్క యెక్కడ నుండునో గాని, సంక్రాంతి ముందు బస్సుల రద్దీ చూచినవారికి వేఱు లెక్క అక్కఱలేదు.

ఈ మేడల నడుమనే శిల్పారామమను తోట యొకటి కలదు. 1992లో తలపెట్టబడిన యీ తోటలో చేనేతవారు, కుమ్మరులు, బొమ్మలు చేయువారు తమ సరకులమ్ముదురు. పల్లెటి యిండ్లను, ఎడ్లబండిని, రోలును, రోకలిని, బావిగిలకను అచ్చముగా మలచి నిలిపినారు. ఉద్యోగపు బిళ్ళలు మెడలో నున్న పిల్లలు వాని ప్రక్క నిలిచి ఫొటోలు తీసికొనుచుండిరి. విడిచివచ్చిన యూరిని టిక్కెట్టు కొని చూచుచున్నట్లు మాకు తోచినది.

ఆ రాత్రి మా మేనల్లుని యింట భోజనములైన పిమ్మట నాతడు తన సెల్‌ఫోనులో నొక పాట వినిపించెను. పాడినవారు చౌరస్తా యను బృందమువారు. మేము నాలుగురోడ్ల కూడలి యనుదానిని ఇచ్చటివారు చౌరస్తా యందురు. పాట పేరు 'ఊరెళ్ళిపోతా మామా'. నగరములో విసిగిన యువకుడొకడు ఎఱ్ఱబస్సెక్కి తన యూరికి తిరిగిపోయెదనని చెప్పుకొనుట దాని భావము. ఇందు కష్టమైన మాట యొక్కటియు లేదు, సమాసము లేదు, పాడినవాని గొంతులో జాలియు, నవ్వును గలిసియున్నవి. 'మామా' యను పిలుపు వచ్చినప్పుడెల్ల మా వారు తలయెత్తి, "ఏమిరా, నన్నేనా?" యనుచుండిరి. రెండవసారి వినునప్పటికి వారు కూడ తొడమీద తాళము వేయ మొదలిడిరి.

ఈ బృందమును స్థాపించినవారు యశ్వంత్ నాగ్ గారు. బృందమునకు పేరు దెచ్చిన గొంతు రామ్ మిరియాల గారిది. వీరి పాటలు మన జానపదపు బాణీకి రెగ్గే యను విదేశపు నడకను గూర్చి కట్టినవి. 'మాయ' యనునది వీరి మఱియొక పాట. పాటల పట్టిక వ్రాయబోయిన నొక పుట చాలును. సినిమా లేదు, కథానాయకుడు లేడు, నిర్మాత లేడు. ఒకప్పుడు గ్రామఫోను పళ్ళెములు, తరువాత క్యాసెట్లు చేసిన పనిని వీరికి యూట్యూబు చేసిపెట్టినది. పాట కట్టుటయు, వినువారి చెంతకు జేర్చుటయు తామే చేసికొనిరి. ఇట్టి సంగీతమును పెద్ద కంపెనీల తోడు లేనిదగుటచే 'అండర్‌గ్రౌండ్' అందురట. మా మేనల్లుడును, వాని స్నేహితులును అభ్యాసము చేయునది మేడ క్రింద కార్లు నిలుపు సెల్లారులో. పేరు వారి పట్ల అక్షరాల సార్థకము!

రెగ్గే యననేమని మేమడిగితిమి. మేనల్లుడు వివరించిన దానిని మన యింటి భాషలో చెప్పెదము. ఒక రోటిలో నిద్దఱు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి దంచుట మీరు చూచియుందురు. ఒకరి రోకలి పడునపుడు రెండవవారి రోకలి పైకి లేచును. మొదటి పోటుకు, మఱుసటి పోటుకు నడుమనున్న ఖాళీలో రెండవ రోకలి పడును. రెగ్గేలో తాళపు దెబ్బ మొదటి రోకలి. గిటారు రెండవ రోకలి. అడుగు పడు చోట గిటారు పలుకదు, అడుగునకు అడుగునకు నడుమ పలుకును. అందుచేతనే యా పాట వినువారి ఒడలు ఉయ్యాలవలె నూగును. ఇది వినగానే మాకీ నడక పరాయిదని తోచలేదు. దంపుడుపాటలు పాడిన యవ్వలందఱికిని ఇది పరిచితమే.

ఈ నడక పుట్టిన జమైకా యను ద్వీపము అమెరికా ఖండముల నడుమ సముద్రములో నున్నది. ఆఫ్రికా నుండి బానిసలుగా దేబడి చెఱకుతోటలలో పనిచేసినవారి సంతతి యచ్చటి జనులు. బానిసత్వము రద్దయిన పిమ్మట, 1845 మొదలు, మన దేశమునుండియు కూలీలను ఓడలలో నచ్చటికి గొనిపోయిరి. 1960 దశకము చివర నా దేశములో రెగ్గే వెలసినది. దానిని లోకమంతట వ్యాపింపజేసిన బాబ్ మార్లీ (1945–1981) కొండపల్లెలో పుట్టి, బాల్యముననే తల్లితో రాజధాని కింగ్‌స్టనులోని బీదల పేటకు వచ్చినవాడు.

మా మేనల్లుని బృందము వాయించునది బ్లూస్ రాక్. దాని కథయు నిట్టిదే. అమెరికా దక్షిణభాగమున పత్తిచేలలో పనిచేసిన నల్లజాతివారి దుఃఖపు పాట బ్లూస్. ఒక చరణమును పాడి, దానినే మరల పాడి, మూడవ చరణమున దానికి జవాబు చెప్పుట దాని వాడుక. 1920లో మామీ స్మిత్ అను నల్లజాతి గాయని పాడిన 'క్రేజీ బ్లూస్' రికార్డు విపరీతముగా నమ్ముడుపోగా, కంపెనీల చూపు ఆ సంగీతముపై బడినది. తొలినాళ్ళలో బ్లూస్ రికార్డులకు ప్రాణము పోసినవారు స్త్రీలేయని మన సోదరీమణులు గుర్తుంచుకొనదగును. తరువాత లక్షలకొలది జనులు పల్లెలు విడిచి చికాగో వంటి నగరములకు పోయిరి. 1943లో అట్లు పోయిన మడ్డీ వాటర్స్ నగరపు రొదలో తన గిటారు వినబడుటకై దానికి విద్యుచ్ఛక్తిని జోడించెను. 1960 దశకమున నింగ్లండు యువకులు దానిని నేర్చి రాక్ సంగీతములో గలిపిరి. అటుపిమ్మట సెర్బియా వంటి దేశములలోను ఇట్టి బృందములు పుట్టినవి. మూలము మాత్రమొక్కటే: ఊరు విడిచినవాడు పట్టణములో నిలిచి పాడుకొనుట. ఈ విషయమును తెలిసికొన్నపిమ్మట, హైటెక్ సిటీలో నెఱ్ఱబస్సు పాట యేల పుట్టినదని యడుగవలసిన పని లేకపోయినది.

ఈ పాటలోని కోరిక విచిత్రముగా తీరినది. 2020 మార్చిలో కరోనా మహమ్మారి వలన దేశమంతయు మూతబడినపుడు, హైటెక్ సిటీలోని పిల్లలు పెట్టెలు సర్దుకొని యూళ్ళకు వచ్చిరి. మా వీధిలోనే ముగ్గురు వసారాలో బల్ల వేసికొని, కంప్యూటరు ముందు గూర్చుండి రెండేండ్లు పనిచేసిరి. మా మేనల్లుడును తల్లి చేతి వంట తినుచు నింటనుండెను. ఆ మార్చిలోనే చౌరస్తా వారు 'చెయ్యి చెయ్యి కలపకురా' యను పాటను విడుదల చేసిరి. కరచాలనము మానుడని, ఎడముగా నుండుడని, జాగ్రత్తలు పాటించుడని బ్రతిమాలుచు జెప్పిన పాట యది. ప్రభుత్వపు ప్రకటనలను చదువనివారు సైతము ఆ పాటను నోట బట్టిరి. మా బడిపిల్లలు చేతులు కడుగుకొనుచు దానిని కూనిరాగము తీయుట మేము వింటిమి. ఆపదలో నుపకరించిన పాట యుత్త కాలక్షేపము గాదు.

తరువాత రామ్ మిరియాల గారు బృందమునుండి వేఱుపడి సినిమా సంగీతములో ప్రవేశించిరి. యశ్వంత్ నాగ్ గారు బృందమును సాగించిరి. 2021లో 'జాతిరత్నాలు' చిత్రములో రధన్ గారి సంగీతమున రామ్ గారు పాడిన 'చిట్టి' పాట పెండ్లిపందిళ్ళన్నిట మ్రోగినది. 2022లో 'డీజే టిల్లు' చిత్రపు పాటకు ఆయనయే బాణీ కట్టి పాడిరి. 2023లో వచ్చిన 'బలగం' చిత్రములో, భీమ్స్ సిసిరోలియో గారి సంగీతమున, 'ఊరు పల్లెటూరు' అను పాటను మంగ్లీ గారితో గలిసి పాడిరి. ఆ పాట వ్రాసిన కాసర్ల శ్యామ్ గారికి జాతీయ పురస్కారము వచ్చినట్లు 2025లో ప్రకటించిరి. ఊరికి పోయెదనని సెల్‌ఫోనులో పాడిన గొంతే వెండితెరమీద ఊరి యందమును పాడినదన్నమాట. ఇట్లు కూడలిలో పుట్టిన నడక సినిమాలోనికి బోయినది. ఇది లాభమా నష్టమా యని మా మేనల్లుడు మధనపడుచుండెను.

మఱునాటి సాయంకాలము మువ్వురము దుర్గము చెఱువు గట్టుమీద నడచితిమి. 2020లో తెఱచిన తీగల వంతెనపై రంగురంగుల దీపములు వెలిగి నీటిలో నూగుచుండెను. మేమప్పుడు వదినగారు పంపిన మాటను చెప్పితిమి. ఆతడు కోపపడలేదు. చాలసేపటికి, "అత్తయ్యా, నేను చేసే పని ఎక్కడో అమెరికాలో ఒక బ్యాంకులో నడుస్తుంది. ఆరేళ్ళయింది, ఇదిగో ఇది నేను చేశానని అమ్మకి చూపించడానికి ఒక్కటీ లేదు. పాటైతే వినిపించవచ్చు" ననెను. మరల, "మన తెలుగులో సినిమా లేకుండా పాట బతకదా, అత్తయ్యా?" యని యడిగెను.

ఆ ప్రశ్నకు మాకు తెలిసినంతలో జవాబు చెప్పితిమి. తెలుగున మొదటి మాటలాడు చిత్రము 'భక్త ప్రహ్లాద' వచ్చినది 1932లో. అంతకు పూర్వమే నాటకపు పద్యములు గ్రామఫోను పళ్ళెములెక్కి యూరూర మ్రోగినవి. శంకరంబాడి సుందరాచారి గారి 'మా తెలుగు తల్లికి' గీతమును టంగుటూరి సూర్యకుమారి గారు పాడగా, అది రాష్ట్రగీతమైనది. వింజమూరి సీత, అనసూయ సోదరీమణులు పల్లెపాటలను ఏఱి తెచ్చి సభలలోను రేడియోలోను పాడి, పామరుల పాటలని యీసడించినవారి చేతనే చప్పట్లు కొట్టించిరి. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రము వెలసినపిమ్మట బాలాంత్రపు రజనీకాంతరావు గారు మొదలగువారు లలితసంగీతమును వంటింటి వఱకు దెచ్చిరి. గద్దర్ గారి పాట సినిమాను నమ్ముకొని జనములోనికి రాలేదు. గోరటి వెంకన్న గారు పల్లె కన్నీటిని గూర్చి కట్టిన పాట 2002లో 'కుబుసం' చిత్రములో చేరి మఱింత వ్యాపించినది. పాట సినిమాలోనికి పోవచ్చును, మరల బయటికి రావచ్చును; అది పుట్టుటకు సినిమాయే కావలెనను నియమము మన భాషలో నెన్నడును లేదు.

ఇట్లు చెప్పి, "నాయనా, మీరు కట్టిన పాటలను మీ అమ్మకెన్నడైన వినిపించితివా?" యని మేమడిగితిమి. ఆతడు తలవంచుకొని, "లేదత్తయ్యా. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి" అనెను.

మేము తిరిగివచ్చునప్పటికి వారి మేడల సముదాయపు నడిముంగిట బతుకమ్మ యాడుచుండిరి. కృష్ణ కావలి మావంటి వారికిది చూడదగిన పండుగ. తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలను వరుసలుగా పేర్చి, గోపురమువలె నిలిపి, నడుమ పసుపు గౌరమ్మను బెట్టి, స్త్రీలు చుట్టును దిరుగుచు చప్పట్లతో పాడుదురు. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట నిది రాష్ట్రపు పండుగ. పట్టుచీరలు గట్టిన యుద్యోగినులు ఒక వలయముగా నిలిచిరి. మొదట లౌడుస్పీకరులో పెద్ద మ్రోతతో పాటలు వేసిరి. ఎవరును పాడనక్కఱలేదు, ఆడిన చాలును. కొంతసేపటికి కరెంటు పోయి యంత్రమాగెను. ఎవరి యింటికో వచ్చిన డెబ్బదియేండ్ల యవ్వ యొకతె చప్పట్లు చరచుచు తానే పాట నెత్తుకొనెను. చుట్టునున్నవారిలో సగము మందికి మాటలు రావు. ఐనను ప్రతి పాదము చివర వచ్చు పల్లవి నందుకొనిరి. వంగునపుడొక చప్పట, లేచునపుడొక చప్పట. కరెంటు మరల వచ్చినది. లౌడుస్పీకరును మరల వేయుమని యొక్కరును గోరలేదు. మా మేనల్లుడు గోడకానుకొని, ఆ చప్పట్ల నడుమనున్న ఖాళీలను వ్రేళ్ళతో లెక్కించుచు నిలిచెను.

ఆ రాత్రి మేము వానితో నిట్లంటిమి: "మీ అమ్మకు దంపుడుపాటలు వచ్చునని నీకు తెలియునా? ఆమె అత్తగారి యొద్ద నేర్చినవి. మిల్లు వచ్చి రోలు మూలబడినది గనుక నీవు వినలేదు." వాడు నమ్మలేదు. వెంటనే ఫోను చేసెను. మొదట వదినగారు, "ఉద్యోగం సంగతి చెప్పరా అంటే పాటేమిట్రా నీ మొహం!" అని కసరిరి. "నువ్వు పాడితే చెప్తా" నని వాడనెను. అవతల కొంతసేపు మాటలేదు. పిమ్మట వంటింటి తలుపు వేసిన చప్పుడును, ఆ వెనుక సన్నని గొంతును వినవచ్చినవి. కొంగుచాటు గొంతు, నడుమ రెండు చోట్ల మాట మఱచి, హుమ్మని పోటు మాత్రమే వేసిరి. స్నేహితులలో నొకడు గిటారు తీసి, రెండవ రోకలి పడవలసిన చోట మెల్లగా మీటెను. సరిగా గుదిరినది. పాట ముగిసినపిమ్మట వదినగారు, "అదేమిట్రా, నా వెనకాల ఎవరో దంచుతున్నారు?" అనిరి. మా మేనల్లుని కన్నులు చెమర్చినవి. మా వారు కిటికీ దగ్గఱకు బోయి కండ్లద్దములు తుడుచుకొనసాగిరి.

ఉద్యోగపు మాట యేమాయెనని మీరడుగుదురు. అది యింకను తేలలేదు. పాటతో బ్రతుకు గడచుట కష్టమని, పేరు వచ్చిన బృందములు సైతము విడిపోవుననియు, మంచి గొంతును సినిమా పిలిచినపుడు కాదనుట సులభము కాదనియు మేము దాపఱికము లేక చెప్పితిమి. ఇంటిమీద అప్పున్నంతకాలము జీతము మానరాదని మా వారు గట్టిగా జెప్పిరి. వాడు ఉగాది వఱకు గడువు కోరెను. ఈలోగా శనాదివారములలో తల్లి పాటలను దీసికొని తెలుగున రెండు పాటలు కట్టి, బంజారాహిల్సులో 2010 నుండి నాటకములకును పాటలకును చోటిచ్చుచున్న లామకాన్ వంటి చోట పాడుటకు యత్నింతుననెను. వదినగారికి బెంగ పూర్తిగా తీరినదని చెప్పలేము. ఐనను వారమునకొకసారి, మఱచిన చరణములు జ్ఞాపకము వచ్చినవని తామే కొడుకునకు ఫోను చేయుచున్నారు.

సోదరీమణులారా! ఒక బృందము విడిచిపోవు నాస్తిని పాటల లెక్కతో కొలువరాదని మాకీ యాత్రలో తోచినది. చౌరస్తా వారి పాటలు వ్రేళ్ళమీద నెన్నదగినవే. కాని మన పల్లెమాటతో, మన రోకటిపోటుతో, ఎవరి యనుమతియు గోరక పాట కట్టవచ్చునని వీరు మన బిడ్డలకు చూపిరి. అట్లు కట్టబూనువారికి కావలసిన సరకు హైటెక్ సిటీ యంగళ్ళలో దొరకదు. అది మన యింట నున్నది. దంపుడుపాట, తిరుగటిపాట, ఊర్మిళదేవి నిద్ర, లాలి, అప్పగింతలపాట, బతుకమ్మపాట, వీనిలో మీకు వచ్చినది, మీ అత్తగారికి వచ్చినది, మీ యింట పనిచేయు పెద్దమ్మకు వచ్చినది, ఏదైనను ఒక నోటుపుస్తకమున వ్రాసిపెట్టుడు. ఎవరి యొద్ద, ఏ యూర నేర్చినదియు వ్రాయుడు. బాణీ కాగితమునకెక్కదు గనుక, సెల్‌ఫోనులో పాడి దాచుడు. మాట మఱచిన చోట మా వదినగారివలె పోటు మాత్రము వేసినను తప్పులేదు. ఈసారి మీ బిడ్డ హైటెక్ సిటీనుండి ఫోను చేసినపుడు, భోజనమైనదా యని యడిగిన పిమ్మట, ఫోను పెట్టివేయకముందు ఒక పాట వినిపింపుడు.